నిర్వచనం 2013 నాటిది, కొలబద్ద 2009 నాటిది

దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన పేరుతో 2025 ఆగస్టులో నోటీసులు వెళ్ళిన దగ్గర్నుంచీ, విజయవాడలో గానీ గుంటూరులో గానీ సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ ఏర్పాటు) మాట ఎత్తితే చాలు, ఏదో ఒక మూల గొడవ రాజుకుంటోంది. చూపు, వినికిడి, కాలూ చెయ్యీ పర్సంటేజీల మీద తగాదా పాతదే. కొత్తగా వచ్చి చేరింది పెద్దవాళ్ళ ఆటిజం, అంటే మాటతీరులో, నలుగురితో కలవడంలో, అలవాట్లలో పుట్టుకతోనే ఉండే తేడా. బీటెక్ చదివి, ఉద్యోగం చేస్తూ, పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే నలభై ఏళ్ళ మనిషి ‘నాకు ఆటిజం ఉందేమో చూడండి’ అంటున్నాడు. అది విన్న తల్లికి ఒళ్ళు మండుతోంది. ఆమె కొడుక్కి పంతొమ్మిదేళ్ళు, ఇప్పటికీ అన్నం కలిపి నోట్లో పెట్టాలి. ఇంగ్లీషులో మీటింగులు నడిపేవాడికీ మావాడికీ ఒకే పేరా అని ఆమె అడుగుతోంది.

ఆటిజం చరిత్ర అనగానే మొదలయ్యే కథ పాఠకులకు తెలిసిందే. ఆటిజాన్ని తొలినాళ్ళలో వర్ణించిన డాక్టర్లు కానర్, ఆస్పెర్గర్, తల్లుల పెంపకం మీద వేసిన నింద, 1998 నాటి టీకా దుమారం, 2025 సెప్టెంబరులో అమెరికా నుంచి వచ్చిన పారాసెటమాల్ రభస. అవన్నీ పిల్లలు ఇలా ఎందుకు పుడుతున్నారన్న ప్రశ్న చుట్టూ తిరిగేవి, ఇక్కడ వదిలేద్దాం. పుట్టుకతో ఉన్నది నలభయ్యో ఏట ఎలా బయటపడుతుంది, పడితే దాన్ని దేంతో కొలవాలి అన్నదే ఇప్పటి తగాదా. దాని మూలం 2013 మే నెలలో, కుండలీకరణాల మధ్య ఇరికించిన ఒక వాక్యంలో ఉంది.

ఆ నెలలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక సమస్యలను నిర్ధారించే తన గ్రంథం అయిదో కూర్పు, డీఎస్ఎం-5, విడుదల చేసింది. అప్పటిదాకా విడివిడిగా ఉన్న ఆటిజం, ఆస్పెర్గర్ లాంటి పేర్లను కలిపి ఒకే స్పెక్ట్రమ్ కింద, అంటే తక్కువ నుంచి తీవ్రం దాకా ఒకే వరుసలో పెట్టడం గురించి పత్రికలన్నీ రాశాయి. నా లెక్కలో అసలు మలుపు అది కాదు. 1980 నాటి మూడో కూర్పు ప్రకారం లక్షణాలు 30 నెలల వయసులోపే మొదలవ్వాలి. 1994 నాటి నాలుగో కూర్పు ఆటిజానికి మూడేళ్ళ గీత గీసింది. మూడేళ్ళలోపు ఎవరూ గమనించకపోతే ఆ పేరు పెట్టడం డాక్టరుకూ కష్టమే. అయిదో కూర్పు ఆ అంకెను తీసేసింది. లక్షణాలు చిన్నతనంలోనే ఉండి తీరాలి అని ఉంచుతూనే, కుండలీకరణాల్లో ఒక మాట చేర్చింది. దాని సారాంశం ఇది: సమాజం కోరేది మనిషి శక్తిని మించేదాకా ఆ లక్షణాలు పూర్తిగా బయటపడకపోవచ్చు, నేర్చుకున్న పద్ధతుల చాటున దాగి కూడా ఉండొచ్చు.

ఆ ఒక్క మాటతో గుమ్మం తెరుచుకుంది. మన జిల్లాల్లో దాని అర్థమేమిటో చూడాలంటే విజయవాడ బెంజి సర్కిల్ దాటి పోరంకి, గూడవల్లి వైపు వెళ్ళాలి. అక్కడి ఇంటర్ హాస్టళ్ళలో రోజంతా గంటల లెక్కన కోసి ఉంటుంది. తెల్లవారకముందే లేపడం, స్టడీ అవర్, క్లాసు, మళ్ళీ స్టడీ అవర్, వారం వారం పరీక్ష, గోడ మీద మార్కుల లిస్టు. ఎవరితోనూ కబుర్లు అక్కర్లేదు, ఇంకా చెప్పాలంటే కబుర్లు నేరం. మిగతా పిల్లలు ఔటింగ్ కోసం తపించిపోతుంటే, ఆ టైమ్‌టేబుల్లోనే ప్రాణం కుదుటపడే పిల్లాడు ఒకడుంటాడు. రోజూ అదే బెంచీ, అదే ప్లేటు, రాజ్మా పెట్టిన రోజు తిండి మానేయడం. లెక్కల్లో నూటికి నూరు. ఇంట్లోవాళ్ళు ‘మావాడు బుద్ధిమంతుడండీ, పుస్తకం తప్ప లోకం తెలీదు’ అని మురిసిపోతారు. ఆడపిల్లయితే అణకువ గల పిల్ల. ర్యాంకు వచ్చే పిల్లాడి మాటతీరు గురించి సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళిన ఇల్లు మన జిల్లాల్లో ఎక్కడైనా ఉంటే ఆ తల్లిదండ్రులకు దణ్ణం పెట్టాలి.

సమాజం కోరేది శక్తిని మించడమన్నది ఆ తర్వాత మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం, రోజూ పొద్దున టీమ్ కాల్, పని కంటే పలకరింపులకే మార్కులు పడే అప్రైజల్. పెళ్ళిచూపుల్లో తల ఎత్తి చూడలేదంటే సిగ్గని సరిపెట్టుకున్నారు, కాపురానికొచ్చాక అదే పొగరైంది. కల్యాణ మండపంలో డీజే మొదలవగానే పార్కింగ్‌లోకి వెళ్ళి కారులో కూర్చునే మేనమామ ప్రతి కుటుంబంలోనూ ఉంటాడు, ఆయన గురించి ‘మనుషుల్లో కలవడు’ అనే మాటతో మనం ముగించేస్తాం. ఆయన సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళినా డిప్రెషన్‌కో, ఆందోళనకో, ఓసీడీకో (అదే ఆలోచన, అదే పని వదలకుండా వెంటాడే జబ్బు) మందు రాయించుకుని వస్తాడు. మందు కొంత పనిచేస్తుంది కూడా. అడుగున ఉన్నది అలాగే ఉంటుంది.

చాలామందికి అనుమానం తగిలేది తమ గురించి వెతుక్కుంటున్నప్పుడు కాదు. సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో పిల్లల థెరపీ సెంటర్ వరండాలో కూర్చుంటే అది కళ్ళముందే జరుగుతుంది. నాలుగేళ్ళ పిల్లాడికి మాటలు రాలేదని తీసుకొస్తారు. తండ్రి చేతికి ప్రశ్నల కాగితం ఇస్తారు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? బొమ్మల్ని వరసగా పేరుస్తాడా? మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడా? రోజూ వెళ్ళే దారి మారిస్తే గోల చేస్తాడా? పక్కనున్న నాయనమ్మ అందుకుంటుంది. ‘వీళ్ళ నాన్నా ఇంతేనమ్మా! బస్సు టిక్కెట్లన్నీ నంబర్ల వారీగా పేర్చేవాడు, ఒక్కటి కదిపామా, ఇల్లు పీకి పందిరేసేవాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడుగా?’ మనవడికి ఏమీ లేదని చెప్పడం ఆమె ఉద్దేశం. పెన్ను పట్టుకున్న కొడుక్కి మాత్రం అది ఇంకోలా వినపడుతుంది.

ఈ మాటంతా రీళ్ళు చూసి నేర్చుకున్న ఫ్యాషన్ అనే ఎత్తిపొడుపు ఉంది కాబట్టి ఒక విషయం చెప్పాలి. ఇంగ్లండ్‌లో 2007లో ఇంటింటి సర్వే చేసి, పెద్దవాళ్ళను పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. నూటికి దాదాపు ఒకరికి ఆటిజం ఉన్నట్టు తేలింది. అలా తేలినవాళ్ళలో ఒక్కరికి కూడా తమకు అది ఉందని తెలియదు. సర్వే చేసిన నాటికి ఇన్‌స్టాగ్రామే పుట్టలేదు. అలాగని అనుమానం వచ్చిన ప్రతివాడికీ ఆటిజం ఉన్నట్టు కాదు. ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని సమస్య), నలుగురిలో భయం, చిన్నప్పుడు తిన్న దెబ్బలు కూడా పైకి ఇలాగే కనిపిస్తాయి. ఫోనులో నింపే, ఏక్యూ అనే 50 ప్రశ్నల ఆటిజం ప్రశ్నావళి డాక్టరు దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్నంతవరకే పనికొస్తుంది.

మన దేశంలో ఆటిజానికి చట్టం గుర్తింపు ఇచ్చిన తీరు వేరే దారిలో నడిచింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్న ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో దానికి చోటు దొరికింది. అయితే ఆ చట్టం ముఖ్యంగా దేనికోసం వచ్చింది? తల్లిదండ్రులు పోయాక ఈ బిడ్డను ఎవరు చూస్తారన్న దిగులుకు సమాధానంగా. పద్దెనిమిదేళ్ళు దాటినవారికి కలెక్టరు ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఆ దిగులు నిజమైనది, ఆ చట్టం సాధించుకున్నది ఆ తల్లిదండ్రులే. కానీ అందులో ఆటిజం ఉన్న పెద్దవాడంటే ఇంకొకరు సంతకం పెట్టాల్సిన మనిషి. తన దరఖాస్తు తానే నింపుకునేవాడు ఆ ఊహలో లేడు.

తర్వాత వచ్చింది కొలబద్ద. సికింద్రాబాద్‌లోని అప్పటి జాతీయ మానసిక వికలాంగుల సంస్థ తయారుచేసిన ‘ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం’ 2009లో బయటికొచ్చింది. అందులో 40 అంశాలు. ఒక్కోదానికీ ‘అరుదుగా’ నుంచి ‘ఎప్పుడూ’ వరకు ఒకటి నుంచి అయిదు మార్కులు. మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేనట్టు. 70 వస్తే 40 శాతం వైకల్యం. 3 నుంచి 22 ఏళ్ళ వయసువాళ్ళ కోసం తయారైన స్కేలు అది. సర్టిఫికెట్లకు అదే ఆధారమని కేంద్రం 2016లో చెప్పింది, 2018 మార్గదర్శకాల్లోనూ దాన్నే ఉంచింది.

లెక్క వేసి చూడండి. పదిహేను అంశాల్లో ‘తరచూ’ అన్న మూడు మార్కులు పడి, మిగతా పాతికా ‘అరుదుగా’ అయితే సరిగ్గా 70. ఆ నలభైలో అన్నమాటే తిరిగి అనడం, తనను తాను గాయపరుచుకోవడం, పేచీ పెట్టడం, ప్రమాదమంటే భయం లేకపోవడం ఉన్నాయి. నలభై ఏళ్ళ ఉద్యోగికి వీటిలో చాలావరకు ఒకటే పడుతుంది. ఇక మొట్టమొదటి అంశమే కళ్ళలోకి చూడకపోవడం. ఎదురుగా కూర్చున్న మనిషి డాక్టరు మొహంలోకే చూస్తుంటాడు. కళ్ళలోకి కాదు, కనుబొమల మధ్య చోటులోకి. ఇంటర్వ్యూల కోసం పదేళ్ళ క్రితం అలవాటు చేసుకున్నాడు. మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి చూపు తిప్పుకుంటాడు, మళ్ళీ తెస్తాడు. ఆ లెక్కలో పడి అడిగిన ప్రశ్న సగమే వింటాడు. స్కేలు మీద పడేది ఒకటి. నేర్చుకున్న పద్ధతుల చాటున లక్షణాలు దాగి ఉండొచ్చని 2013 గ్రంథం చెబుతోంది, దాచుకున్నదాన్ని చూసే గడి 2009 కాగితంలో లేదు.

ఇదంతా కావాలని చేసిందని ఎవరూ అనరు. 2013లోనే కేంద్రం మొదలుపెట్టిన బాల స్వాస్థ్య కార్యక్రమమూ పుట్టుక నుంచి 18 ఏళ్ళ వరకే చూస్తుంది. మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలూ ప్రత్యేక అవసరాలున్న బడి ఈడు పిల్లలవే. నిర్వచనం పెద్దవాళ్ళ వైపు జరుగుతున్న ఏడాదే ఇక్కడి ఏర్పాట్లన్నీ పిల్లల చుట్టూ బిగుసుకున్నాయి. పిల్లలకే సరిపడా థెరపిస్టులు లేని చోట అది తప్పని కూడా అనలేం.

తల్లిదండ్రుల వాదనలో పస ఉంది. మాటలొచ్చినవాళ్ళు ముందుకొచ్చి ఆటిజం అంటే ఇదేనని చెప్పుకుపోతే, మాట్లాడలేనివాళ్ళు మళ్ళీ వెనకబడతారన్నది వాళ్ళ భయం. నెలకు 6,000 రూపాయల పింఛను తమ ఇంట్లో మందులకూ డయపర్లకూ పోతోంది. నోటీసుల ఏడాది వాళ్ళు పడ్డ నరకం మర్చిపోలేదు.

అయితే ఆ గుమ్మాన్ని మొదట తెరిచింది వాళ్ళలాంటి ఒక తల్లే. లోర్నా వింగ్ లండన్ సైకియాట్రిస్టు, ఆమె కూతురికి తీవ్రమైన ఆటిజం. తన బిడ్డలాంటి పిల్లల కోసం ఇంగ్లండ్‌లో తల్లిదండ్రుల సంఘం పెట్టినవాళ్ళలో ఆమె ఒకరు. 1981లో ఆస్పెర్గర్ పేరును వెలుగులోకి తెచ్చిన వ్యాసం ఆమెదే. అందులో ఆమె పరిశీలించిన 34 మంది వయసు 5 నుంచి 35 ఏళ్ళ దాకా ఉంది. మాటలొచ్చి, చదువుకుని, అయినా బతుకులో ఎక్కడో తడబడుతున్న పెద్దవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. తన కూతురినీ వాళ్ళనూ ఒకే వరుసలో చూడటానికి ఆమెకు ఏదీ అడ్డం రాలేదు. స్పెక్ట్రమ్ అన్న మాట వాడుకలోకి వచ్చింది ఎక్కువగా ఆమె వల్లే.

ఇవాళ్టి గొడవలో కలిసిపోయిన రెండు సంగతుల్ని విడదీయాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. 4 శాతం ఉద్యోగ రిజర్వేషన్లో ఆటిజం, మేధోవైకల్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు కలిపి ఒక శాతం. దీనికి 40 శాతం పర్సంటేజీ తప్పనిసరి. పింఛనుకూ అంతే, పైగా కుటుంబ ఆదాయం కూడా చూస్తారు. కానీ అదే చట్టంలో ‘వైకల్యం ఉన్న వ్యక్తి’ నిర్వచనంలో శాతం ఊసే లేదు. పనిచోట తగిన సర్దుబాటు చేయాలన్న నిబంధన ఆ నిర్వచనం మీదే ఆధారపడి ఉంది.

ఆలస్యంగా తెలుసుకున్నవాళ్ళు ఎక్కువగా అడుగుతున్నది ఈ రెండోదే. గోల లేని మూల సీటు, నోటిమాటగా కాకుండా మెయిల్‌లో పని అప్పగించడం, టీమ్ విందుకు రాకపోతే తప్పుపట్టకపోవడం. దీనికి క్లినికల్ సైకాలజిస్టు రిపోర్టు సరిపోవాలి. ఆ రిపోర్టు పట్టుకెళ్తే ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్న ‘సదరం ఉందా, పర్సంటేజీ ఎంత?’ అని. అందుకే వార్డు సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకుని, తమకు అక్కర్లేని పింఛను క్యూలో నిలబడుతున్నారు. ఆ క్యూలోనే పంతొమ్మిదేళ్ళ కొడుకు చెయ్యి పట్టుకుని ఆ తల్లి కూడా ఉంటోంది.