ఆఖరి లెక్క ఎవరికి చెప్పాలి?

కాలిఫోర్నియాలో స్థిరపడిన అన్న ఒంగోలులో ఉన్న చెల్లెలికి వీలునామాలో వాటా రాసి చనిపోయాడనుకుందాం. వీలునామాను ధ్రువీకరించి ఆస్తి పంపకం చూసేది అక్కడి ప్రొబేట్ కోర్టు. ఆ కోర్టులో తుది లెక్క విచారణకు వచ్చేటప్పుడు, వీలునామాను అమలు చేసే మనిషి ఆమెకు నోటీసు పంపాలి. అదీ విచారణకు కనీసం 15 రోజుల ముందు. ఆస్తి ఎంత తేలింది, అప్పులకు, లాయరుకు ఎంత పోయింది, మిగిలింది ఎవరికి ఇవ్వబోతున్నారు అన్నది ఆ లెక్కలో ఉంటుంది. అభ్యంతరం ఉంటే ఆమె చెప్పుకోవచ్చు.

ఈ హక్కు మొదటి నుంచీ లేదు. ఇంగ్లండులో వీలునామాల వ్యవహారం 1857 దాకా చర్చి కోర్టుల చేతిలో ఉండేది. చనిపోయినవారి సొత్తుకు జాబితా రాయాలన్న చట్టం 1529లోనే వచ్చింది. లెక్క చెప్పడం మాత్రం కోర్టుకే. అమెరికాలో కూడా చాలాకాలం పేపర్లో ఒక ప్రకటన వేస్తే చాలనుకున్నారు.

దాన్ని మార్చింది 1950 నాటి ముల్లేన్ కేసు. న్యూయార్క్‌లో ఒక బ్యాంకు 113 ట్రస్టుల (ఇతరుల మేలు కోసం అప్పగించిన ఆస్తుల) సొమ్మును ఒకే నిధిగా నడుపుతూ, తన లెక్కలకు కోర్టు ఆమోదం కోరింది. లబ్ధిదారులకు పేపర్ ప్రకటనతో సరిపెట్టింది. ఒకసారి ఆమోదం పడితే వాళ్లు ఆ బ్యాంకును నిలదీసే దారి మూసుకుపోతుంది. అడ్రసు తెలిసిన మనిషికి ఉత్తరం రాయకుండా పేపర్లో వేసి ఊరుకోవడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అడ్రసు దొరకని వాళ్లకు మాత్రం ప్రకటన చాలంది. 1988లో ఇదే సూత్రాన్ని చనిపోయినవారికి అప్పిచ్చినవాళ్లకూ వర్తింపజేసింది. ఒంగోలు చెల్లెలికి నోటీసు రావడం వెనక ఈ తీర్పుల బలం ఉంది.

మన దగ్గర కథ వేరు. 1865 నాటి వారసత్వ చట్టం, 1881 నాటి ప్రొబేట్ చట్టం కలిసి 1925 చట్టమయ్యాయి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో హిందూ కుటుంబాలకు స్థానిక ఆస్తి వీలునామాకు ప్రొబేట్, అంటే కోర్టు ధ్రువీకరణ, తప్పనిసరి కాదు. మద్రాసు నగరంలో ఇల్లుంటే మాత్రం ఏళ్ల తరబడి తప్పలేదు. క్రైస్తవులది మరో దారి. నెల్లూరులో 1840లో, ఒంగోలులో 1866లో మొదలైన బాప్టిస్టు మిషన్ల వల్ల ఇక్కడ పెద్ద క్రైస్తవ సమాజం ఏర్పడింది. వీలునామా మీద హక్కు చూపాలంటే 2002 సవరణ దాకా వాళ్లకు ప్రొబేట్ కావాల్సిందే.

ప్రొబేట్ ఇచ్చేముందు సంబంధం ఉన్నవాళ్లను పిలుస్తూ జిల్లా జడ్జి నోటీసు ఇవ్వవచ్చు. దాన్ని కోర్టులోనూ కలెక్టరు ఆఫీసులోనూ అంటిస్తారు. ఇదంతా మొదట్లో. ప్రొబేట్ వచ్చాక ఆరు నెలల్లో ఆస్తి జాబితా, ఏడాదిలో లెక్క కోర్టుకు ఇవ్వాలని 1925 చట్టం 317వ సెక్షన్ అంటుంది. ఆ లెక్క కాపీని ఒక్కొక్క వారసుడికీ పంపమని అందులో లేదు. నా దృష్టిలో అసలు లోటు ఇదే. మొదటి నోటీసు నాటికి అందరూ ఊళ్లోనే, ఇంకా దుఃఖంలోనే ఉంటారు. లెక్క వేసేనాటికి ఆడపిల్ల అత్తగారింట్లో, కొడుకు హైదరాబాదులో ఉంటారు. అద్దె ఎంత వచ్చిందో, ఏ పొలం ఎంతకు పోయిందో అడిగే సమయం అప్పుడే.

హిందూ ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు ఆంధ్రప్రదేశ్ 1985లోనే వాటా ఇచ్చింది, 2005లో కేంద్రం కూతుళ్లందరికీ ఇచ్చింది. వాటా ఇచ్చిన చట్టాలు లెక్క చూపించే పనిని పట్టించుకోలేదు. చాలా ఇళ్లలో ప్రొబేటే ఉండదు కాబట్టి లెక్క అడగాలంటే భాగం దావా వేయాలి. అంటే అన్నదమ్ముల మీద కోర్టుకెక్కాలి. ఆ టెన్షన్ పడలేక వదులుకున్న వాటాలు ఎన్నో.

ప్రొబేట్ ఉన్నచోట మాత్రం ఒక ఆయుధం ఉంది. సరైన కారణం లేకుండా కావాలని లెక్క ఇవ్వకపోయినా, ముఖ్యమైన విషయంలో తప్పుడు లెక్క ఇచ్చినా 263వ సెక్షన్ కింద ఆ ప్రొబేట్‌ను రద్దు చేయమని అడగవచ్చు. పిలవాల్సిన వాళ్లను పిలవకుండా తెచ్చుకున్న ప్రొబేట్‌కూ ఇదే వర్తిస్తుంది. అమెరికా నుంచి నోటీసుతో పాటు, లెక్క అక్కర్లేదని సంతకం చేయమనే కాగితం కూడా రావచ్చు. లెక్క చూసే హక్కును వదులుకోవడమే ఆ సంతకం. అది పెట్టేముందు లెక్క అడిగి చూడాలి, అభ్యంతరం ఉంటే విచారణ తేదీలోగా రాసి పంపాలి.