చదును దారిలో ఎదురుగాలి

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

తణుకు నుంచి నరసాపురం దాకా సైకిళ్ళ మీద వెళ్ళిన రోజు, పాలకొల్లు దాటాక చిన్నది ఒక ప్రశ్న అడిగింది. "ఎక్కడా కొండ లేదు, వంతెనలు తప్ప ఎత్తే లేదు. పొద్దున పెనుగొండ దాకా హాయిగా వచ్చినవాళ్ళం, ఇప్పుడెందుకిలా రొప్పుతున్నాం?" అలసిపోయాం కదా అని పెద్దాడు అన్నాడు. అది కొంతవరకే నిజం. అసలు సంగతి గాలి.

నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే అంతర్వేది వైపు దారి. భీష్మ ఏకాదశికి అక్కడ రథం లాగుతారు. ఆ తీర్థంలో ఇసుక వేస్తే రాలనంత జనం. గాలి కూడా అలాంటి జనమే అనుకోండి. కంటికి కనపడదుగానీ బరువుంది. ఒక ఘనపు మీటరు గాలి కిలోకి పైనే తూగుతుంది. తీర్థంలో మెల్లగా నడిస్తే జనం తప్పుకుని దారిస్తారు. అదే రెట్టింపు వేగంతో పరుగెత్తారనుకోండి, అంతసేపట్లోనే రెట్టింపు మంది తగులుతారు. తగిలిన ప్రతివాడూ రెట్టింపు గట్టిగా తగులుతాడు. రెండు రెళ్ళు నాలుగు. అందుకే గంటకు పది కిలోమీటర్ల వేగం ఇరవై అయితే గాలి అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది.

ఇప్పుడు ఆ జనమంతా మీకు ఎదురు నడుస్తున్నారనుకోండి. మీరు పదిహేను వేగంతో పోతున్నారు, గాలి పదిహేనుతో ఎదురొస్తోంది. మీ ఛాతీకి తగిలేది ముప్పై. అదే గాలి వీపు వైపు నుంచి వస్తే తగిలేది సున్న, తీర్థం జనమే మిమ్మల్ని మోసుకుపోతున్నట్టు ఉంటుంది. పక్కకు తిరిగి సన్నగా దూరినవాడికి దారి దొరుకుతుంది కదా, హ్యాండిల్ మీదికి వంగి తొక్కడమూ అంతే. ఇక భారీ మనిషి వెనకాల నడిచే పిల్లవాడికి జనం తగలనే తగలరు.

ఈ చివరి సంగతి మాకు హైస్కూలు రోజుల్లోనే తెలుసు. కాలవ గట్టు మీద ఒకరి వెనక ఒకరం, చక్రానికి చక్రం దగ్గరగా వెళ్ళేవాళ్ళం. నాకు సీటు అందేది కాదు, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాణ్ణి. ముందున్నవాడు గాలినంతా మోసేవాడు. లాకులు రాగానే అతను వెనక్కి, రెండోవాడు ముందుకి. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదది. చిన్నవాణ్ణని నన్ను వెనకే ఉండమనేవారు కానీ, నా వంతు నేను తీసుకునేవాణ్ణి. మీరూ తీసుకోండి. ఎప్పుడూ ఇంకొకరి వీపు చాటున వెళ్ళేవాడికి దారి తెలియదు.

మరి పొద్దున లేని గాలి మధ్యాహ్నం ఎక్కడి నుంచి వచ్చింది? ఎండకు నేల త్వరగా కాగుతుంది, సముద్రం నెమ్మదిగా కాగుతుంది. నేల మీది వేడి గాలి పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మనం వెళ్ళింది తిన్నగా దక్షిణానికి, అంటే సముద్రం ముఖానికే. అందుకని వేసవిలో ఆ వైపు వెళ్ళేవాళ్ళు చీకటితోనే బయలుదేరి, ఎండెక్కకముందే చేరిపోవాలి. భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం తిరిగొస్తే గాలే తోసుకొస్తుంది.

కొండ దారిలో ఎక్కిన కష్టానికి దిగుడు దొరుకుతుంది. చదును నేల మీద ఆ విరామం లేదు, ఒకే చోట కూర్చుని ఒకే తీరుగా తొక్కాలి. అందుకే నడుమూ అరచేతులూ ముందు నొప్పెడతాయి.

మధ్యలో మార్టేరు వచ్చింది గుర్తుందా? విత్తనాల బస్తాల మీద ఎం.టి.యు. అని ఉంటుందే, ఆ అక్షరాలు ఈ ఊరివే. 1982లో ఇక్కడి వరి పరిశోధనా స్థానం విడుదల చేసిన స్వర్ణ, ఎం.టి.యు. 7029, పొట్టి రకం. పొడుగు పైరు గాలికి తేలిగ్గా పడిపోతుంది, పొట్టి పైరు నిలబడుతుంది.

కాలవను చూస్తే మాత్రం నేను లెక్కలన్నీ మరిచిపోతాను. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తి చేయించాడు. అక్కడ మళ్ళించిన నీరు మోటారు లేకుండా, ఎవరూ తోయకుండా, ఇన్ని ఊళ్ళు దాటి ఈ చేలల్లోకి వస్తోంది. అంటే ఈ దారంతా వాలు ఉన్నట్టే కదా! మన కాలికి అందని ఆ వాలును ఆ రోజుల్లోనే కొలిచి తవ్వారంటే నాకు ఇప్పటికీ దండం పెట్టబుద్ధవుతుంది.

ఒక పని చేయండి. తిన్నగా, చదునుగా, బండ్లు రాని గట్టు చూసుకోండి. ఒక తాడిచెట్టు దాకా ఒకే వేగంతో తొక్కి, అక్కడ తొక్కడం ఆపేయండి. సైకిలు తనంతట తాను ఎంత దూరం పోయి ఆగుతుందో అడుగులతో కొలవండి. ఎదురు వైపు నుంచి వచ్చి మళ్ళీ కొలవండి. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. నాలుగు అంకెలూ నాకు రాసి పంపండి.

మీ తాతయ్య