కొబుదో: ఒకినావా ఆయుధ విద్యపై అపోహలు, వాస్తవాలు

జపాన్‌లోని ఒకినావా దీవుల సంప్రదాయ ఆయుధ విద్యను కొబుదో అంటారు. దీన్ని నేర్పుతున్న నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాటతోనే మొదలుపెడతాను.

అపోహ: రాజు ఆయుధాలను నిషేధించడంతో రైతులు పనిముట్లనే ఆయుధాలుగా మలచుకున్నారు.

వాస్తవం: 1477 నుంచి 1526 వరకు ఒకినావా కేంద్రంగా సాగిన ర్యూక్యూ రాజ్యాన్ని ఏలిన షో షిన్ ప్రజల ఆయుధాలు లాక్కున్నాడనడానికి రాజధాని షురిలోని కోటలో 1509లో చెక్కించిన శాసనాన్ని ఆధారంగా చూపుతుంటారు. అయితే అందులో ఉన్నది కత్తులను, విల్లంబులను పోగుచేసి దేశరక్షణకు సాధనాలుగా నిలిపారన్న ప్రశంసే తప్ప నిషేధాజ్ఞ కాదు. 1609లో దక్షిణ జపాన్‌లోని సత్సుమా సంస్థానం సేనలు దండెత్తి వచ్చినప్పుడు ర్యూక్యూవారు ఆయుధాలు పట్టే ఎదిరించారు. కమా అనే కొడవలి, ఎకు అనే పడవ తెడ్డు పనిముట్లే, కాదనను. సాయ్ అనే మూడు మొనల ఇనుప కడ్డీ మాత్రం ఏ పొలం పనికీ వాడే వస్తువు కాదు. నేరస్థులను అదుపు చేయడానికి ర్యూక్యూ అధికారులు పట్టిన ఆయుధమది, చైనాలోనూ ఆగ్నేయాసియాలోనూ దానికి దగ్గరి రూపాలున్నాయి. ఈ విద్యను తరతరాలుగా కాపాడినవారిలో షురి ఉద్యోగవర్గం వారు ఎందరో ఉన్నారు కాబట్టి, దాన్ని కేవలం నిస్సహాయుల ఉపాయంగా చెప్పడం ఆ గురువులకు న్యాయం చేయదని నా నమ్మకం.

అపోహ: సాయ్ పదునైన బాకు.

వాస్తవం: దానికి అంచు ఉండదు. తిప్పి పట్టుకున్నప్పుడు కడ్డీ ముంజేతి వెంట ఆనుకుని, మొన మోచేతిని కొద్దిగా దాటాలి. పొట్టిగా ఉంటే అడ్డుకున్న దెబ్బ మోచేతి ఎముకకే తగులుతుంది. అందుకే కొత్తవారికి కొలత చూడనిదే సాయ్ ఇవ్వను.

అపోహ: కర్రసాము వచ్చినవారికి బో అనే పొడవాటి కర్ర కొత్తేమీ కాదు.

వాస్తవం: కర్రసాము చేసిన కుర్రాళ్ల మణికట్టు చురుకుదనం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కానీ దాదాపు 182 సెంటీమీటర్ల బోను తిప్పడం ఒక్కటే చాలదు. నడుము బలంతో కొట్టి, కర్ర కొన వణకకుండా గాలిలో ఠక్కున ఆపగలగాలి. ఆ ఆపడమే నెలల తరబడి సాధన చేయిస్తుంది. ఎకు ఇంకా కష్టం: బరువంతా ఒక కొనవైపే ఉంటుంది, పైగా త్సుకెన్ దీవి పేరుతో ఉన్న కతాలో (ముందే కూర్చిన కదలికల వరుసలో) తెడ్డు అంచుతో ఇసుకను ప్రత్యర్థి కళ్లలోకి చిమ్మే కదలిక ఉంది. చెక్క నేల మీద ఆ కదలిక అర్థం కాదు కాబట్టి విద్యార్థులను ఇసుకలోకి తీసుకువెళ్తాను.

అపోహ: కరాటేలో బ్లాక్ బెల్ట్ వచ్చాకే ఆయుధం పట్టాలి.

వాస్తవం: అది కొన్ని శిక్షణాలయాల నియమమే. ఒకినావాలో ఈ రెంటినీ జంటగా నేర్చుకున్నవారు ఎందరో. చెదిరిపోతున్న ఆయుధ కతాలను సేకరించి, వాటి పరిరక్షణకు 1955లో సంఘం నెలకొల్పిన తైరా షిన్‌కెన్ కరాటే కూడా అభ్యసించినవారే. నా దగ్గర మొదటి నెలలోనే బో చేతికిస్తాను. నిలబడే తీరులోని లోపం వట్టి చేతుల కంటే కర్ర పట్టినప్పుడు త్వరగా బయటపడుతుంది.