బ్యాటరీ నింపడంలో ఆ చివరి 20 శాతమే అసలు తలనొప్పి

అమెరికాలోని సియాటెల్ దగ్గర్నుంచి, కెనడా పశ్చిమ తీరంలోని దీవుల మధ్యగా, అలాస్కా దాకా సాగే సముద్ర మార్గాన్ని ఇన్‌సైడ్ పాసేజ్ అంటారు. వేసవి వచ్చిందంటే 40, 50 అడుగుల డీజిల్ మోటార్ యాట్లు ఉత్తరానికి బయల్దేరతాయి. పగలంతా ప్రయాణం, సాయంత్రానికి మనిషి జాడ లేని ఏదో ఒక చిన్న అఖాతంలో లంగరు. అక్కడ కరెంటు స్తంభమూ లేదు, ప్లగ్గు పెట్టుకునే రేవూ లేదు. ఇంజిన్ ఆపిన క్షణం నుంచి ఫ్రిజ్, లైట్లు, నీళ్ల పంపు అన్నీ బ్యాటరీల మీదే. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఇన్వర్టర్ మీద నెట్టుకొచ్చినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ పోయిన కరెంటు దానంతటది తిరిగి రాదు.

ముందు ఖర్చు చూద్దాం. 12 వోల్టుల ఫ్రిజ్ కంప్రెసర్ నడిచినంతసేపు సుమారు 5 యాంపియర్లు లాగుతుంది. రోజులో సగం సేపు నడిచిందనుకుంటే 60 ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే యాంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చే లెక్క). ఫ్రీజర్‌కి మరో 60. 1200 వాట్ల కాఫీ మేకర్ అనగానే గుండె గుభేలుమంటుంది గానీ, పది నిమిషాలే కాబట్టి నష్టాలతో కలిపినా 20 ఏహెచ్‌కి మించదు. అసలు దొంగ ఇన్వర్టరే. ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో వదిలేస్తే పెద్ద ఇన్వర్టర్ 25 వాట్ల దాకా తినేస్తుంది, అంటే రోజుకి 50 ఏహెచ్, కేవలం మైక్రోవేవ్ మీద గడియారం వెలగడం కోసం ఇంచుమించు ఒక ఫ్రిజ్ ఖర్చు!

అలాగని కాఫీ మేకర్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. మన ఇళ్లలోని 230 వోల్టుల మీద 1200 వాట్లంటే 5 యాంపియర్ల చిల్లర. అదే పని 12 వోల్టుల బ్యాటరీ నుంచి చేయించాలంటే 100 పైనే కావాలి. కరెంటు 20 రెట్లయితే, అదే నిరోధం దగ్గర పుట్టే వేడి 400 రెట్లు. అందుకే బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య కేబుళ్లు అంత లావుగా, వీలైనంత పొట్టిగా ఉంటాయి, అక్కడ ఒక్క నట్టు వదులైనా చాలు, ప్లాస్టిక్ కమిలిన వాసన వస్తుంది.

వీటికి తోడు లైట్లు, పంపులు, హీటర్ ఫ్యాను అన్నీ కలిపి రోజుకి 250 ఏహెచ్ అనుకుందాం. 600 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలుంటే ఇంకా 58 శాతం మిగిలినట్టే (వీటిని సగం కంటే కిందికి దించకూడదన్నది పాత నియమం). పొద్దున్నే జనరేటర్ వేసి 100 యాంపియర్ల చార్జర్ పెడితే గంటన్నర లోపే 80 శాతానికి చేరతాయి. ఇక అక్కడి నుంచే మొరాయింపు. బ్యాటరీ లోపలి సీసం పలకల పైపొరలో రసాయన చర్య చకచకా అయిపోతుంది, లోపలి పొరల్లో మాత్రం యాసిడ్ నెమ్మదిగా కదలాలి, ఈలోగా వోల్టేజి తన పరిమితిని తాకేస్తుంది కాబట్టి బ్యాటరీ తీసుకునే కరెంటు పడిపోతూ ఉంటుంది. మిగిలిన 20 శాతానికి నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

అంతసేపు జనరేటర్ నడపొచ్చు కదా అంటే, 8 కిలోవాట్ల డీజిల్ యంత్రం మీద ఐదారువందల వాట్ల లోడు వేస్తే సిలిండర్ సరిగ్గా వేడెక్కదు, ఇంధనం పూర్తిగా కాలదు, మసి పేరుకుంటుంది. పోనీ రోజూ 80 దగ్గరే ఆపేస్తే? పలకల మీది లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడి బ్యాటరీ సామర్థ్యమే తగ్గిపోతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు జనరేటర్ వేసిన ఆ గంటన్నరలోనే వేడినీళ్లు, బట్టలు, వంట అన్నీ కానిచ్చేస్తారు. చివరి భాగాన్ని పగటి ప్రయాణంలో ఇంజిన్ తిరిగినప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కో, సోలార్ ప్యానెళ్లకో వదిలేస్తారు. తక్కువ కరెంటు, ఎక్కువ గంటలు కావాల్సిన పనికి సోలార్ బాగా సరిపోతుంది. చోటు బాగుందని ఒకే దగ్గర మూడు రోజులు ఉండిపోతేనే టెన్షన్, అదీ ఆకాశం మబ్బు పట్టి ఉంటే మరీను.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలతో ఈ గొడవ చాలావరకు తీరింది: దాదాపు నిండేదాకా ఇచ్చినంతా తీసుకుంటాయి, సగంలో ఆపినా చెడిపోవు. కానీ ఆ ఆకలే ఆల్టర్నేటర్ ప్రాణం మీదికి తెస్తుంది. లెడ్ బ్యాటరీ తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది కాబట్టి ఇన్నాళ్లూ ఆల్టర్నేటర్ బతికిపోయింది. లిథియం తగ్గించదు, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చల్లబరిచే ఫ్యాను గాలీ చాలదు, లోపలి తీగచుట్ట (వైండింగ్) కాలిపోతుంది. అందుకని ఉష్ణోగ్రత చూసి కరెంటు తగ్గించే రెగ్యులేటర్ వేరేగా పెట్టాలి. ఇంకో చిక్కేమిటంటే, ఏదైనా తేడా వస్తే బ్యాటరీని కాపాడే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) సర్క్యూట్‌ని టక్కున తెంచేస్తుంది. అప్పటిదాకా పారుతున్న కరెంటుకి దారి లేక వోల్టేజి ఎగదన్నుతుంది, ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి, ఆ లైన్ మీదే రాడార్ ఉంటే అదీ పోవచ్చు.

అందుకే చాలామంది ఆల్టర్నేటర్‌ని నేరుగా ఇంజిన్ స్టార్టింగ్ బ్యాటరీకే కలుపుతారు. అది ఇప్పటికీ లెడ్ యాసిడ్‌దే. దాన్నుంచి ఒక డీసీ-డీసీ చార్జర్ కొలిచి కొలిచి లిథియానికి పంపుతుంది. ఫ్రిజ్‌ని మాత్రం ఆ స్టార్టింగ్ బ్యాటరీ జోలికి రానివ్వరు.