నెలకు ఐదు కిలోలు పెరిగితే ఆ గొప్ప దాణాదేనా? గొర్రెలు, కుందేళ్ల మేతపై అపోహలు - వాస్తవాలు

“సార్, ఫలానా దాణా ఏస్తే పిల్ల నెలకు ఐదు కిలోలు ఎక్కుతదట, నిజమేనా?” వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఇదే ప్రశ్న. వాట్సాప్‌లో రెండు ఫొటోలు తిరుగుతుంటాయి: ముందు బక్కపిల్ల, తర్వాత బలిసిన పొట్టేలు. వాటిని నమ్మి అప్పు తెచ్చి బస్తాలు కొంటున్నారు. మేత పరీక్షలే నా పని కాబట్టి గట్టిగా చెప్తున్నాను, ఆ ఫొటోలతో ఏదీ రుజువు కాదు.

అపోహ: బరువు పెరిగిందంటే దాణా పనిచేసినట్టే.

వాస్తవం: అంగడిలో కొన్న పిల్ల చాలాసార్లు ఆకలితో, కడుపులో నట్టలతో (పురుగులతో) వస్తుంది. నట్టల మందు తాపి కడుపునిండా మేపితే, ఆగిపోయిన ఎదుగుదలను మొదటి నెలల్లో తానే పూడ్చుకుంటుంది. దాణా ఏదైనా సరే, పేరు మాత్రం బస్తాకు పోతుంది.

తూకంలోనూ మోసముంది. మొదటిసారి పొద్దున్నే ఖాళీ కడుపుతో, రెండోసారి మేసి నీళ్లు తాగాక తూచారనుకోండి. రెండు కిలోల తేడా కడుపులోని మేత, నీళ్లదే కావచ్చు. రోజుకు వంద గ్రాములు పెరిగే పిల్లకు నెలంతా వచ్చేదే మూడు కిలోలు!

పరకాల వైపు ఒక పెద్దాయన కొత్త దాణా కొని టెన్షన్ పడుతుంటే, మందను రెండు భాగాలు చేయించాను. సగానికి ఆ దాణా, సగానికి ఇంట్లో కలిపిన మొక్కజొన్న, తవుడు, పల్లిచెక్క, ఉప్పు, మినరల్ మిక్చర్. చివరికి రెండు గుంపులూ దాదాపు ఒకేలా పెరిగాయి. ఖర్చు లెక్క వేశాక ఆయన మళ్లీ ఆ బస్తా కొనలేదు.

మీరూ చేసుకోవచ్చు. ఒకే వయసు పోతు పిల్లలను బరువు వరుసలో నిలబెట్టి, జతలు చేసి, జతలో ఏది ఏ గుంపుకో చీటీ వేయండి. గుంపుకు ఆరేడైనా ఉండాలి. అన్నింటికీ నట్టల మందు తాపండి. కొత్త మేత అలవాటు కావడానికి రెండు వారాలు వదిలేసి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టండి. మేత, నీళ్లు పెట్టకముందే వరుసగా రెండు పొద్దులు తూచి సగటు తీయండి. వేసిన దాణాతో పాటు తొట్టిలో మిగిలింది కూడా తూచాలి, చాలామంది వదిలేసేది ఇదే. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ అలాగే తూచి, కిలో బరువు పెరగడానికి ఎంత ఖర్చయిందో చూడండి. నాకు కావాల్సిన అంకె అదొక్కటే.

రెండు గుంపులూ ఒకే కాలంలో ఉండాలి. చలికాలంలో పెరిగిన కుందేళ్లను మన ఏప్రిల్ ఎండల్లో పెరిగినవాటితో పోల్చి దాణాను తిట్టేవాళ్లున్నారు. ఎండకు కుందేలు తిండే తగ్గిస్తుంది.

అపోహ: ప్రొటీన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది. కాదు. పెరిగే పిల్లల దాణాలో 14-16 శాతం సాధారణంగా చాలు. అవసరానికి మించింది మూత్రంలో పోతుంది, డబ్బూ దానితోనే.

అపోహ: కుందేలు తన పెంటికలు తానే తింటే జబ్బు. భయపడకండి. అది తినేది మెత్తటి రకం, అందులో ప్రొటీన్, బి విటమిన్లు ఉంటాయి. దానికి అసలు ప్రమాదం పీచు తక్కువై, గింజలు ఎక్కువైన మేతతో.

అపోహ: పెళ్లిలో మిగిలిన అన్నం గొర్రెలకు బలం. ఈ మాట వింటే నాకు కోపం, బాధ రెండూ వస్తాయి. అలవాటు లేని మందకు ఒక్కసారిగా అన్నం, మొక్కజొన్న పోస్తే కడుపులో ఆమ్లం పెరిగి తెల్లారేసరికి పడిపోతాయి. గింజలు పెంచాలంటే పది, పదిహేను రోజుల మీద కొద్దికొద్దిగా పెంచండి. ఇప్పటికే తినేసి, మేత ముట్టకుండా కడుపుబ్బి పడుకుంటే పొద్దటిదాకా ఆగొద్దు, రాత్రయినా సరే పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి.