తరుగు కోత మిల్లు గేటుకు చేరింది 2020 యాసంగిలోనే

వడ్ల కొనుగోళ్లు ఊపందుకోగానే తెలంగాణలో తరుగు పంచాయితీ మళ్లీ రాజుకుంటుంది. తాలు, తేమ పేరు చెప్పి రైతు వడ్ల తూకంలో కోసే బరువే తరుగు. సంచికి రెండు కిలోలా, మూడు కిలోలా అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. ఆ కోత పెట్టే పట్టు మిల్లుకు ఎలా చిక్కిందో తెలియాలంటే 2020 యాసంగి (రబీ) సీజన్‌ని చూడాలి.

తరుగు అంతకు ముందు లేదని కాదు. కానీ ఆ మార్చి చివర్లో పంట కోతకొచ్చే వేళకే లాక్‌డౌన్ పడింది. యార్డుల్లో జనం గుమిగూడొద్దని ప్రభుత్వం కొనుగోలును ఊళ్లకే తెచ్చింది. ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) మహిళా పొదుపు సంఘాలు, సహకార సంఘాల చేతుల మీదుగా దాదాపు 7 వేల కొనుగోలు కేంద్రాలు తెరిచి, టోకెన్లు ఇచ్చి వడ్లు కొన్నది. ఏ గ్రేడుకు క్వింటాలు మద్దతు ధర 1,835 రూపాయలు, సాధారణ రకానికి 1,815. ఆ సీజన్‌లో సుమారు 64 లక్షల టన్నులు కొన్నారు. రోగం భయంలోనూ కుప్పల దగ్గర నిలబడి కాంటా పెట్టించిన మహిళల కష్టం అందులో ఉంది.

చిక్కంతా వడ్లు కొనుగోలు కేంద్రం దాటాకే. గోనె సంచులు పంపాల్సిన బెంగాల్ జూట్ మిల్లులు మూతపడ్డాయి. పాత సంచులు, ప్లాస్టిక్ సంచులతో సర్దుకోవాల్సి వచ్చింది. రైస్ మిల్లుల్లో లారీలు దించే హమాలీల్లో ఎక్కువమంది బిహార్ వాళ్లు. హోలీకి ఊరెళ్లి అక్కడే ఇరుక్కుపోయారు. మే 8న ఖగడియా నుంచి ప్రత్యేక రైల్లో కొందరిని లింగంపల్లికి రప్పించేదాకా వచ్చింది. ఈలోగా లారీలు మిల్లుల ముందు బారులు తీరాయి. లారీ ఖాళీ అయి తిరిగొస్తే తప్ప కేంద్రంలో సంచులు కదలవు. వాన పడితే అడుగు వరస తడిసి మొలకెత్తుతుంది. అందుకే దించుకునేవాడు ఎంత కోసినా ఒప్పుకోక తప్పలేదు.

నిజానికి నాణ్యత తేలాల్సింది కేంద్రంలోనే. మీటర్‌లో తేమ 17 శాతం దాటకూడదు. తాలు, మట్టి పోయేలా తూర్పారబట్టాలి. సంచికి 40 కిలోలు, ఖాళీ గోనె బరువు 580 గ్రాములు కలిపితే కాంటా 40.580 దగ్గర ఆగాలి. చాలాచోట్ల అది 41, 42 దాకా పోతుంది. ఆ పైన మిల్లులో ఇంకో కోత. అక్కడ రైతు ఉండడు. సంచికి 3 కిలోలు పోతే ఎకరాకు 25 క్వింటాళ్లు పండించిన రైతుకు 187 కిలోలు, అప్పటి ధరలో దాదాపు 3,440 రూపాయలు నష్టం. కౌలు రైతుకైతే అది కోత మిషన్ కిరాయికి అటూ ఇటూ.

క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మర పట్టి ప్రభుత్వానికి అప్పగించాలి కదా, తాలు వడ్లతో ఎలా ఇస్తామని మిల్లర్లు అంటారు. ఎండాకాలం వడ్లు మర పడితే నూక ఎక్కువన్నదీ నిజమే. కానీ కొనుగోలు కేంద్రంలో చూసి, తూచి, సంచి కుట్టాక వచ్చే తేడా రైతు ఖాతాలో ఎందుకు పడాలి?

లాక్‌డౌన్ పోయింది, హమాలీలు వచ్చారు, సంచులూ వచ్చాయి. మిల్లు దించుకున్నట్టు లారీ వెంట వెళ్లిన సరుకు చీటీ, అంటే ట్రక్ షీట్, తిరిగొస్తేనే రైతుకు డబ్బు పడే పద్ధతి మాత్రం అలాగే ఉంది. ఆ షీట్ మీద కేంద్రంలో తూచిన బరువే ఉండాలని రైతులు ఇవాళ అడుగుతున్నారు.