ఎవరైనా రాయొచ్చు, ఆధారం చూపించాలి: స్వేచ్ఛా విజ్ఞానంపై అపోహలు - వాస్తవాలు

ప్రకాశం జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సెలవు రోజుల్లో, ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగలిగే స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వమైన తెలుగు వికీపీడియాలో గణితం, సైన్సు వ్యాసాలు రాస్తుంటాను, వేరేవాళ్ళు రాసినవి సరిచూస్తుంటాను. ఈ పని గురించి స్టాఫ్‌రూములోనో ట్రైనింగులోనో మాట వస్తే ప్రతిసారీ అవే అనుమానాలు వినిపిస్తాయి. వాటివల్ల చక్కగా రాయగలిగిన టీచర్లు, లెక్చరర్లు దూరంగా ఉండిపోతున్నారు. నాకు అది బాధగా ఉంటుంది. అందుకే ఈ సమాధానాలు.

అపోహ: "ఎవరుబడితే వాళ్ళు మార్చేదాన్ని నమ్మేదెట్లా సార్?"

వాస్తవం: ఎవరైనా మార్చొచ్చన్నది నిజమే. అయితే ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో ఆ పేజీ 'చరిత్ర'లో నమోదవుతుంది. ఎవరైనా చెడగొడితే పాత రూపానికి తిప్పడం క్షణాల పని. 2005 డిసెంబరులో నేచర్ అనే సైన్సు పత్రిక 42 సైన్సు అంశాల మీద ఇంగ్లిష్ వికీపీడియా వ్యాసాలనూ, బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలోని వ్యాసాలనూ ఏది ఎక్కడిదో చెప్పకుండా నిపుణులకు ఇచ్చి తప్పులు వెతికించింది. తీవ్రమైన తప్పులు రెండిట్లోనూ నాలుగేసి దొరికాయి. చిన్న తప్పులు, లోపాలు వికీపీడియాలో 162, బ్రిటానికాలో 123. ఆ పరీక్ష జరిగిన తీరును బ్రిటానికా గట్టిగా తప్పుపట్టింది, నేచర్ తన మాట మీదే నిలబడింది. ఎట్లా చూసినా వికీపీడియాలోనే తప్పులు కాస్త ఎక్కువ. దాన్ని దాచాల్సిన పని లేదు. చదివినవాళ్ళే అప్పటికప్పుడు దిద్దే వీలు ఉండడం దాని బలం.

నమ్మాలా వద్దా అన్నది చూపించిన ఆధారాన్ని బట్టి తేల్చుకోవాలి. లెక్కల్లో రుజువు పక్కనే ఉంటే, రాసింది ఎవరైనా సరే, మీరే వరుసగా సరిచూసుకోవచ్చు. సైన్సులో మూలం తెరిచి చూడాలి. మన నీళ్ళ సంగతే తీసుకోండి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకు, ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదటిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు ఇంగ్లిష్‌లో ప్రచురించిన పత్రం అది. ఈ వాక్యం చదివిన దర్శి కుర్రాడు "ఫ్లోరైడ్ సమస్య మా ప్రకాశం జిల్లాది కదా, నెల్లూరు అని తప్పు రాశారు" అని మార్చేయొచ్చు. వాడి తప్పేం లేదు. కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. ఈ రెండు వాక్యాలు వ్యాసంలో చేరిస్తే ఇక ఎవరూ తప్పుగా దిద్దరు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనిచోట 1.5 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతోంది. చేతిలో నీటి పరీక్ష రిపోర్టు ఉన్న ఇల్లాలికి ఈ అంకె తెలుగులో దొరకాలి.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగులో వ్యాసాలను గమనించేవాళ్ళు తక్కువ. తప్పు పడితే చాలాకాలం అట్లాగే ఉండిపోతుంది. పిల్లలకు నేను చెప్పేది కూడా ఇదే: వ్యాసంతో మొదలుపెట్టండి, కింద ఉన్న మూలాల దాకా వెళ్ళండి.

అపోహ: "నెట్‌లో ఉచితంగా దొరుకుతోందంటే ఎట్లాగైనా వాడుకోవచ్చు."

వాస్తవం: టీచర్లు ఎక్కువగా చిక్కుల్లో పడేది ఇక్కడే. ఉచితంగా చదువుకోవడం ఒక హక్కు. తీసుకుని, మార్చుకుని, మళ్ళీ ప్రచురించడం వేరే హక్కు. పీడీఎఫ్ డౌన్‌లోడ్ అయినంత మాత్రాన రెండోది రాదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ఒక పుస్తకం మీద హక్కు రచయిత బతికున్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. గైడులో పేజీ స్కాన్ చేసి ఎక్కిస్తే తీసేస్తారు, తీసేయాలి కూడా.

అలాగని టెన్షన్ అక్కర్లేదు. పైథాగరస్ సిద్ధాంతం ఎవరి సొత్తూ కాదు. సూత్రానికి, వాస్తవానికి కాపీరైట్ ఉండదు. వాటిని చెప్పిన వాక్యాలకు, గీసిన బొమ్మకు ఉంటుంది. మీ మాటల్లో రాసి, బొమ్మ మీరే గీస్తే సరిపోతుంది.

ఈ తేడా ఎంత పెద్దదో గణిత ప్రపంచానికి 2000లో తెలిసింది. ఎరిక్ వైస్టీన్ అనే ఆయన ఏళ్ళ తరబడి కూర్చిన మ్యాథ్‌వరల్డ్ అనే గణిత విజ్ఞాన సర్వస్వం నెట్‌లో అందరూ ఉచితంగా చదువుకునేవాళ్ళు. దాన్ని పుస్తకంగా వేసిన సీఆర్‌సీ ప్రెస్ హక్కులు తమవని కోర్టుకు వెళ్ళింది. కోర్టు ఆదేశంతో 2000 అక్టోబరు నుంచి 2001 నవంబరు దాకా అది మూతపడింది. చదివేవాళ్ళకు అనుమతి ఉందిగానీ కాపీ చేసి వేరేచోట నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ దెబ్బ నుంచే అందరూ కలిసి రాసే ప్లానెట్‌మ్యాథ్ అనే గణిత విజ్ఞాన సర్వస్వం పుట్టింది. అందులో రాసిందంతా మొదటి నుంచీ, ఎవరైనా తీసుకుని మళ్ళీ ప్రచురించుకోనిచ్చే స్వేచ్ఛా లైసెన్సు కిందే ఉండేలా చూసుకున్నారు.

వికీపీడియాది క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ - షేర్‌అలైక్ లైసెన్సు. రాసినవాళ్ళను పేర్కొనాలి, మార్చి ప్రచురిస్తే దాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఈ రెండూ పాటిస్తే అమ్ముకోవచ్చు కూడా. "నేను ఊరికే రాసిస్తే ఎవడో అమ్ముకుంటాడా" అని కోపం వస్తుంది చాలామందికి. నా అభిప్రాయం వేరు. కనిగిరిలో జిరాక్స్ షాపతను మన పాఠాలు చిన్న పుస్తకంగా కుట్టి ఇరవై రూపాయలకు అమ్మితే, నెట్ సరిగా రాని ఊళ్ళో పిల్ల చేతికి అది చేరుతుంది. 'వ్యాపారానికి వాడరాదు' అని షరతు పెడితే ఆ దారి మూసేసినట్టే. వికీపీడియా వ్యాసాలకు ఫోటోలు దాచే వికీమీడియా కామన్స్ అట్లాంటి షరతు ఉన్న ఫోటోలను తీసుకోకపోవడానికి ఇదీ ఒక కారణం.

అపోహ: "అది పీహెచ్‌డీలు చేసినవాళ్ళ పని."

వాస్తవం: 11, 13; 17, 19; 29, 31. ఇట్లా 2 తేడాతో వచ్చే ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయా అన్నది ఇప్పటికీ తేలలేదు. 2013లో యీటాంగ్ ఝాంగ్ అనే గణితవేత్త, 7 కోట్లకు మించని తేడా ఉన్న జంటలు అనంతంగా ఉన్నాయని నిరూపించారు. వెంటనే టెరెన్స్ టావో తదితర గణితవేత్తలు పాలీమ్యాథ్ పేరుతో అందరూ చూసేలా నెట్‌లో కలిసి పనిచేసి ఆ 7 కోట్లను 4,680కి దించారు. ఆ తర్వాత జేమ్స్ మేనార్డ్ వేరే పద్ధతిలో 600కి తెచ్చారు. పాలీమ్యాథ్ వాళ్ళు ఆయనతో కలిసి 2014లో 246కి చేర్చారు. ఏ రోజుకు ఎంతకు తగ్గిందో, ఎవరి మెట్టు ఎక్కడ తప్పిందో అన్నీ బయటే ఉన్నాయి. అందులో ముఖ్యులు మహామహులే, కాదనను. కానీ లెక్క తిరగ్గట్టినవాళ్ళు, ప్రోగ్రామ్ రాసి సరిచూసినవాళ్ళు కూడా ఆ పనిలో భాగమే. ఎప్పటికీ ఒకే నమూనా తిరిగి రాకుండా నేలంతా పరిచే 13 భుజాల పలకను కనిపెట్టిన డేవిడ్ స్మిత్ ప్రింటింగ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ముగ్గురు నిపుణులతో కలిసి రాసి 2023 మార్చిలో బయటపెట్టిన ఆ పత్రాన్ని ఆర్కైవ్ (arXiv) అనే పరిశోధన పత్రాల సైటులో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు.

తొమ్మిదో తరగతి పిల్లవాడు ఎక్కడ తడబడతాడో తెలిసినవాళ్ళు తొమ్మిదో తరగతి టీచర్లే. బహుపదుల వ్యాసం రాయడానికి ఆ అనుభవం పెద్ద అర్హత.

అపోహ: "రాయాల్సిందంతా ఎప్పుడో రాసేశారు."

వాస్తవం: చీమకుర్తి రాయి దేశదేశాలకు బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పేరుతో వెళుతోంది. భూగర్భ శాస్త్రం ప్రకారం అది గ్రానైట్ కాదు, గ్యాబ్రో జాతి రాయి. నల్లటి రాయిలో చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులు. క్వారీలో రోజూ పనిచేసే మనిషి ఈ సంగతి తెలుగులో వివరంగా, మంచి ఫోటోలతో చదవగలగాలి. ఒంగోలు గిత్త బ్రెజిల్ వెళ్ళి 'నెలోర్' పేరుతో అక్కడి పశుసంపదలో పెద్ద భాగమైంది, ఆ పేరు మన నెల్లూరుదే. దీని జన్యుశాస్త్రం ఎవరు రాస్తారు? శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉందని ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న అది తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది.

జాగ్రత్త ఒకటుంది. మీ ఊరి బోరు నీళ్ళు మీరే పరీక్షించి ఆ ఫలితాన్ని వికీపీడియాలో రాయకూడదు. ముందే ఎక్కడో ప్రచురితమైనదాన్నే అక్కడ రాస్తారు. మీరు తీసిన క్వారీ ఫోటో మాత్రం కామన్స్‌లో పెట్టొచ్చు.

అపోహ: "ఇంగ్లిష్ వ్యాసాన్ని మెషీన్‌తో తెలుగు చేసి ఎక్కిస్తే సరిపోతుంది."

వాస్తవం: సరిపోదు. సిద్ధాంతానికీ దాని విపర్యయానికీ (అంటే దాన్ని తిరగేసి చెప్పినదానికీ) మధ్య తేడా ఒక్క చిన్న మాటలో ఉంటుంది. మెషీన్ దాన్ని తారుమారు చేసినా వాక్యం చదవడానికి బాగానే ఉంటుంది, కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం. పూర్వకాలపు కవి పావులూరి మల్లన, మహావీరాచార్యుల గణితసారసంగ్రహం అనే సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడు మూలాన్ని మక్కికి మక్కి దించలేదు, ఉదాహరణలు తన పాఠకులకు తగ్గట్టు మార్చుకున్నాడు. మెషీన్ ఇచ్చినదాన్ని చిత్తుప్రతిగా పెట్టుకోండి. ప్రతి మెట్టూ పెన్నుతో చేసి చూశాకే ఎక్కించండి.

అపోహ: "తెలుగు టైపింగూ ఫార్ములాలూ మనవల్ల కాదు."

వాస్తవం: ఫోన్‌లో మెసేజ్ తెలుగులో కొట్టగలిగితే వ్యాసమూ కొట్టగలరు. పాత నోట్సు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి ఉంటే నేరుగా అతికించకండి, అక్షరాలన్నీ పిచ్చి గీతల్లా వస్తాయి. ముందు ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. భిన్నాలు, వర్గమూలాలకు లేటెక్ అనే పద్ధతిలో చిన్న చిన్న ఆదేశాలు ఉంటాయి. ఉన్న వ్యాసంలో 'మార్చు' నొక్కి చూస్తే ఎట్లా రాశారో కనిపిస్తుంది, దాన్ని చూసి నేర్చుకోవడమే తేలిక.

మొదటిరోజే కొత్త వ్యాసం మొదలుపెట్టొద్దు. ఖాతా తెరిచి, ఈ నెల మీరు క్లాసులో చెబుతున్న అధ్యాయం పేరు వెతకండి. వ్యాసం ఉంటే ఉదాహరణల్లో లెక్క సరిగ్గా ఉందా చూడండి. తప్పుంటే దిద్ది, ఎందుకు దిద్దారో సారాంశం పెట్టెలో ఒక ముక్క రాయండి. గట్టిగా తెలియకపోతే చర్చా పేజీలో అడగండి. వ్యాసం అసలు లేకపోతే మీ 'ప్రయోగశాల' పేజీలో చిత్తుగా రాసుకుని, వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే 'రచ్చబండ' పేజీలో చెబితే పాతవాళ్ళు వచ్చి చూసిపెడతారు.